పబ్లిక్ చివర ఒక కె

పులివెందుల హైస్కూల్లో మా ఇంగ్లీషు సారు శనివారం చివరి పీరియడ్‌లో పాఠం చెప్పేవాడు కాదు. నల్లబల్ల మీద కుడిపక్క మూలలో ఒకే ఒక మాట రాసి, సుద్దముక్క జేబులో వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆ మాట మా పుస్తకంలో ఉండేది కాదు. పరీక్షలో వచ్చేదీ కాదు.

"ఇది చచ్చిపోయిన మాట. ఎట్ల చచ్చిపోయిందో చూద్దాం" అనేవాడు.

మొదటి శనివారం రాసింది జి, ఎ, ఓ, ఎల్. అందరం 'గాల్' అని గట్టిగా చదివినాం. సారు నవ్వలేదు. అది జైలు అన్నాడు. లాటిన్‌లో చిన్న పంజరం అనే మాట నుంచి పుట్టిందట. ఫ్రెంచివాళ్లలో ఒక సీమవాళ్లు గ అనీ, ఇంకో సీమవాళ్లు జ అనీ పలికితే, రెండూ ఓడెక్కి ఇంగ్లాండుకు పోయినాయట. కొన్ని వందల ఏండ్లు ఒకే అర్థానికి రెండు స్పెల్లింగులు పక్కపక్కనే బతికినాయి. చివరికి జ గెలిచింది.

ఇంకో వారం 'షో' అనే మాటను ఓ తీసేసి ఇ పెట్టి రాసినాడు. ఎస్, హెచ్, ఇ, డబ్ల్యూ. దొరల కాలం కాగితాల్లో అట్లే ఉండేదట. ఇంకా పాతకాలంలో దాని అర్థం చూపించడం కాదు, చూడడం. అర్థం ఎప్పుడు తిరగబడిందో ఎవరికీ సరిగ్గా తెలియదన్నాడు. నాకు ఆ మాట భలే నచ్చింది. పదో తరగతి అరసంవత్సరం పరీక్షలో కావాలనే ఆ స్పెల్లింగుతో రాసినాను. పేపరు దిద్దింది వేరే సారు. అర మార్కు కొట్టేసినాడు.

మా నాయన తాలూకాఫీసులో గుమాస్తా. అర మార్కు సంగతి తెలిసి బడికి వచ్చినాడు. "పరీక్షకు పనికిరాని మాటలు యాల చెప్తాండావు సామీ పిల్లోల్లకు?" అని సారును నిలదీసినాడు. సారు నిదానంగా "మార్కు పోయింది నిజమే అప్పా. మాట మాత్రం తప్పు కాదు" అన్నాడు. ఆ జవాబు మా నాయనకు ఎక్కలేదు. ఆయప్పకు పాఠం చెప్పడానికి బద్ధకమేమోనని ఇంట్లో చాన్నాళ్లు అనుమానపడినాడు. నాకేమో ఆ సారు వల్లనే ఇంగ్లీషు మీద ఇష్టం పుట్టింది. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదల్లా ఒకటే: మాట కంటబడితే వెంటనే నమ్మకూడదు, అది ఏ కాలందో, ఎవరి చేతి మీదుగా వచ్చిందో అడగాలి. అందులో సగమే నేర్చుకున్నానని తెలియడానికి ముప్ఫై ఏండ్లు పట్టింది.

ఆ ముప్ఫై ఏండ్ల తర్వాత నేను ప్రొద్దుటూరులో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు టీచరును. ఒక రోజు మధ్యాహ్నం, స్టాఫ్‌రూమ్‌లో క్యారియరు మూత పెడుతుంటే లెక్కల సారు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో ఒక జిరాక్సు కాగితం.

"మేడమ్, పాత స్పెల్లింగులు మీకు బాగా తెలుసంట కదా. దీన్ని కొంచెం చూడండి" అన్నాడు.

జమ్మలమడుగు అవతల, మైలవరం పోయే దారిలో ఒక పల్లె. ఆ ఊర్లో ఇద్దరు రైతుల మధ్య బండిదారి గురించి తగాదా. దారి ఒకరి చేను మధ్యలో నుంచి పోయి, చివర్లో ఉన్న ఒక ముసలామె చేనికి చేరుతుంది. ఆ దారి తరతరాలుగా ఊరందరిదీ అని ఆమె వాదన. దానికి రుజువుగా ఆమె బయటికి తీసిన కాగితం ఇది. ఆ ఊరి పాత కరణం ఇంగ్లీషులో రాసి ఇచ్చిన ఒప్పందమట. తేదీ చూస్తే మా తాతలు బడికి పోయే కాలం.

చదవడం మొదలుపెట్టినాను. పైన జిల్లా పేరు సి అక్షరంతో, చివర హెచ్‌తో ఉంది. ఆ కాలానికి అది సరే, ఇప్పుడు ఆ పేరు ముందు రాసే కె తర్వాతి కాలంలో వచ్చింది. 'షో' అనే చోట ఇ ఉంది. అదీ సరే. బండికి రాసే వ్యాగన్ అనే మాటలో రెండు జీలు. అదీ సరే. చదువుతూ చదువుతూ రెండో పేరాలో ఆగిపోయినాను. పబ్లిక్ అనే మాట చివర సి తర్వాత ఒక కె ఉంది. మళ్లీ కింద ఇంకోచోట అదే కె. దాని పక్కనే 'ఏన్షెంట్'లో సి ఉండాల్సిన చోట టి.

ఆ కె మా సారు ఒక శనివారం నల్లబల్ల మూలలో రాసి చూపించిందే. ఇంగ్లాండులో అది రాలిపోయి, ఈ కాగితం తేదీ నాటికి సుమారు నూరేండ్లు. తాతను, మనవడిని ఒకే వయసులో పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీసినట్టుంది ఆ కాగితం. ఎవరో పాతగా కనబడాలని ఆత్రంగా రాసినట్టు అనిపించింది. పాత స్పెల్లింగులు తెలిసిన మనిషే, అయితే ఏది ఎప్పుడు పోయిందో తెలియని మనిషి.

"ఇది ఆ కాలం నాటిది కాకపోవచ్చు సార్. ఎవరో తర్వాత పుట్టించినట్టుంది" అన్నాను.

"నిజమా!" అన్నాడు లెక్కల సారు. ఆ ముఖంలో ఆశ్చర్యం కంటే సంతోషం ఎక్కువ కనబడింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. వచ్చింది కూడా. అయితే నా తెలివి మీద నాకున్న ముచ్చట దాన్ని తొక్కేసింది.

"అదే నాలుగు ముక్కలు తెల్లకాగితం మీద రాసిస్తారా?"

రాసిచ్చినాను. కింద సంతకం పెట్టినాను, బడి పేరు కూడా వేసినాను.

మరుసటి వారం తెలిసింది, ఆ దారి మూసేస్తానన్న రైతు లెక్కల సారుకు స్వయానా బావమరిది అని. పంచాయితీలో పెద్దమనుషుల ముందు నా కాగితం చదివినారట. ఇంగ్లీషు టీచరే దొంగకాగితం అన్నాక ఇంకేముందన్నారట. ఆ సాయంత్రమే దారికి అడ్డంగా బండలు పాతినారు.

నేను లెక్కల సారును అడిగినాను. "మీ బావమరిది అని చెప్పలేదే?"

"మీరు అడగలేదు కదా మేడమ్" అన్నాడు, టిఫిన్ బాక్సు కడుక్కుంటూ. "అయినా మీరు రాసింది నిజమే కదా?"

నిజమేనా? కాగితం దొంగదైతే, దాన్ని రాసిన మనిషి ఎవరు? ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. పబ్లిక్ చివర కె, ఏన్షెంట్ మధ్య టి. మా జిల్లాలో ఎంతమందికి తెలుసు ఇవి? కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పేవాళ్లను మనసులోనే వరసగా నిలబెట్టి చూసినాను. ఎవరి మీదికీ మనసు పోలేదు. చివరికి ఒకే ఒక మనిషి మిగిలినాడు. ఆయన పేరు నాకు నేనే మనసులో కూడా అనుకోలేకపోయినాను.

నాలుగో రోజు బడి గేటు దగ్గర ఒక ముసలామె నిలబడి ఉంది. మోకాళ్లదాకా దుమ్ము, చంకలో గుడ్డసంచి. వాచ్‌మన్ నన్ను చూపిస్తే నేరుగా వచ్చింది.

"నువ్వేనా మా కాయితం దొంగదన్నది?"

పిల్లలు చూస్తున్నారు. పక్కకు రమ్మన్నాను. ఆమె కదల్లేదు.

"ఈన్నే చెప్పు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి అది మా పెట్టెలో ఉండాది. మా మామ సచ్చిపోయేటప్పుడు నా చేతికిచ్చినాడు. నాకు ఒక్క అచ్చరం రాదు. నువ్వు దాన్ని కండ్లారా సూసినావా?"

"జిరాక్సు చూసినాను అవ్వా."

"జిరాక్సు సూసి మా మామను దొంగను చేసినావా?"

ఏదో ఒకటి అడగాలని, "దాన్ని మీకు ఎవరు చదివి చెప్పినారు?" అన్నాను.

"మా తమ్ముడుండేది పులివెందల్లో. ఆయప్ప ఇంటి పక్కన ఒక ఇంగ్లీసు సారు ఉండాడు, ముసిలాయన. రెండేండ్ల కింద తీసకపోయి సదివించుకున్న్యా. ఒక పూటంతా తన దగ్గరే పెట్టుకొని సదివినాడు."

ఒక పూటంతా. ఆ మాట నాలో ముల్లులా దిగింది. ఒక పేజీ కాగితం చదవడానికి ఒక పూట ఎందుకు? కొత్తగా ఒకటి రాయడానికైతే సరిపోతుంది. పేదరాలి మీద జాలిపడి, చిరిగిపోతున్న కాగితానికి బదులు ఇంకొకటి రాసిచ్చినాడా? లేక అసలు కాగితమే లేదా?

అవ్వ సంచి ఇంకో చంకలోకి మార్చుకుని బస్టాండు వైపు నడిచిపోయింది. ఆ రోజు క్లాసులో ఏం చెప్పినానో నాకు గుర్తులేదు.

ఆదివారం పులివెందులకు పోయినాను. దారంతా ఎట్ల అడగాలో మాటలు కూర్చుకున్నాను. సారుకు కంటి ఆపరేషన్ అయింది, నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా గొంతు వినగానే "రామ్మా, యాడి నుంచి వస్తాండావు?" అన్నాడు. లోపలి నుంచి మజ్జిగ తెప్పించినాడు.

చుట్టూ తిప్పి మాట్లాడినాను. ఎండల గురించి, కంటి చుక్కల మందు గురించి. తర్వాత, "సార్, ఏన్షెంట్‌ను టితో రాసే పద్ధతి ఎప్పటిదాకా ఉండింది?" అని అడిగినాను, ఏదో పాఠం కోసం అన్నట్టు.

సారు గ్లాసు కింద పెట్టినాడు.

"జమ్మలమడుగు కాగితమా?"

నా చేతిలోని గ్లాసు కూడా కింద పెట్టినాను.

"అది దొంగదని రాసిచ్చిన టీచరమ్మ నువ్వేనా? ఆ ముసలామె తమ్ముడు చెప్పినాడు. పేరు చెప్పలేదు." నల్లద్దాలు సర్దుకున్నాడు. "నేను రాసినాననుకుంటాండావు, అంతే కదా?"

"అది కాదు సార్..."

"అదే. నీ గొంతు నాకు తెలీదా?"

సారుకు కోపం వస్తే బాగుండుననిపించింది. రాలేదు. క్లాసులో అడిగినట్టే అడగడం మొదలుపెట్టినాడు.

"కాగితం చేత్తో పట్టుకున్నావా?"

"లేదు."

"రాసిన కరణం ఎవరు, ఇంగ్లీషు యాడ నేర్చుకున్నాడు, కనుక్కున్నావా?"

"లేదు."

"నాకూ ఆ కె చూసి అనుమానం వచ్చింది. అందుకే ఒక పూట పెట్టుకున్నా. భూతద్దంతో చూసినా. ఆ ముసలామెను అడిగినా. ఆ కరణం బడికి పోలేదంట. వాళ్ల తాత దగ్గర ఉన్న ఒక పాత ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని ఇంట్లోనే నేర్చుకున్నాడంట. ఆ పుస్తకం ఎంత పాతదో ఏమో. అందులో కె ఉంటే కె నేర్చుకుంటాడు. లండన్లో ఒక అక్షరం పోయిందని ఆ పల్లెకు ఎవరు టపా పంపిస్తారు?"

తల ఎత్తలేకపోయినాను. అయినా, సిగ్గుపడుతూనే, ఇంకా నమ్మలేదు. అది ఒప్పుకోవాల్సిన సంగతి. ఆయన చెప్పింది చక్కగా అతికింది. మరీ చక్కగా అతికింది. అబద్ధాన్ని కాపాడుకునే తెలివైన మనిషి కూడా ఇట్లే చెప్తాడు కదా అని లోపల ఒక గొంతు అంటూనే ఉంది.

సారుకు అదీ అర్థమైనట్టుంది. "నా మాట నమ్మొద్దులే. ఆ ఊరికి పో. అదే మనిషి రాసింది ఇంకొకటి యాడన్నా దొరుకుతుందేమో చూడు" అన్నాడు.

వెంటనే పోలేదు. బడి ఉందని, పేపర్లు దిద్దాలని సాకులు చెప్పుకున్నాను. మరుసటి ఆదివారం ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు బస్సు, అక్కడి నుంచి ఆటో. నల్లరేగడి చేలల్లో శనగ కోతకొచ్చి ఉంది. దారి మొగదల్లో పాతిన బండలు రోడ్డు మీది నుంచే కనబడినాయి. ఇంకా కొత్త మన్ను అంటుకుని ఉన్నాయి.

అవ్వ ఇంట్లో ఆమె కోడలు కుడిచేతికి కట్టుతో కూర్చుని ఉంది. దారి మూసినాక కాలువగట్టు మీద శనగచెట్ల మోపు నెత్తిన పెట్టుకుని వస్తూ జారి పడిందట. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆమె నన్ను తిట్టలేదు. "కూచో మేడమ్" అని ఎడమ చేత్తో చాప జరిపింది. ఆ చాప మీద కూర్చోవడం నాకు చాలా కష్టమైంది.

అవ్వ పెట్టె తెరిచి కాగితం నా చేతిలో పెట్టింది. మందపు కాగితం, మడతల దగ్గర పీచులు లేచింది. జిరాక్సులో నల్లగా కనబడిన సిరా నిజానికి తుప్పురంగు. పురుగులు తొలిచిన బొక్కలు అక్షరాల మధ్యలో నుంచే పోయినాయి. ఒకచోట ఆ కె కాలు సగం పురుగు తినేసింది. పురుగు తిన్న కాగితం మీద తర్వాత రాస్తే సిరా బొక్క అంచుల్లోకి పాకుతుంది. ఇక్కడ పాకలేదు. ముందు రాత, తర్వాతే పురుగు. చేత్తో పట్టుకుని ఉంటే రెండు నిమిషాల పని.

"అవ్వా, ఈ కరణం రాసిందేదన్నా ఊర్లో ఇంకా ఉందా?"

"కాయితాలు ల్యావు. రాయి ఉండాది. గొడ్ల తొట్టి మీద ఏందో సెక్కిచ్చినాడంట, మా మామ చెప్తాండె."

ఊరి మధ్యలో కొళాయి పక్కన ఆ రాతితొట్టి సగం బురదలో దిగబడి ఉంది. ఒక అంచు పగిలింది. ఇప్పుడు దాన్నెవరూ వాడరు. అవ్వ చెంబుతో నీళ్లు పోస్తుంటే నేను కొబ్బరిపీచుతో రుద్దినాను. నాచు పోయేకొద్దీ అక్షరాలు ఒక్కొక్కటే బయటపడినాయి. పి, యు, బి, ఎల్, ఐ, సి. నా చేయి ఆగింది. ఇంకోసారి రుద్దినాను. కె. తర్వాత నీళ్లు అనే మాట, దాని కింద సంవత్సరం. కాగితానికి రెండేండ్లు ముందుది.

చుట్టూ నలుగురైదుగురు చేరినారు. "ఏందమ్మా అది?" అని అడిగినారు. బురదలో చతికిలబడి ఆ కె మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఆ మనిషి ఎవరినీ మోసం చేయలేదు. ఊరి గొడ్లకు నీళ్లు పెట్టించి, తనకు వచ్చిన ఇంగ్లీషులో రాయించినాడు, అంతే. మా సారూ ఎవరినీ మోసం చేయలేదు.

అక్కడి నుంచి పంచాయితీ చేసిన పెద్దమనిషి ఇంటికి పోయినాను. బండలు పాతిన రైతును కూడా పిలిపించినారు. నిలబడే చెప్పినాను. "నేను తప్పు రాసిచ్చినాను. అసలు కాగితం చూడకుండా రాసినాను. ఆ కాగితం నిజమైనదే."

ఆ రైతు తువ్వాలతో ముఖం తుడుచుకుని నవ్వినాడు. "అప్పుడు దొంగదంటివి. ఇప్పుడు మంచిదంటాండావు. రేపు ఏమంటావో ఎవరికి తెలుసు మేడమ్? నువ్వు రాసిచ్చిన చీటీ నా దగ్గర భద్రంగా ఉండాది."

ఇంకో చీటీ రాసి పెద్దమనిషి చేతికిచ్చినాను. ఆయన రైతు దగ్గరి చీటీని కూడా తీసుకుని, రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చూసి, "రెండిట్లోనూ సంతకం ఒకటే మాదిరి ఉండాది" అన్నాడు. అది ఎగతాళి కాదు, నిజంగానే ఆయనకు ఏమీ తోచలేదు. చీటీలు మడిచి, "ఇది మనతో తెగేది కాదు. ఎమ్మార్వో ఆఫీసుకు పోండి" అన్నాడు.

అర్జీ నేనే రాసినాను, తెలుగులో. అవ్వతో కలిసి ఆఫీసుకు మూడుసార్లు తిరిగినాను. శనగ కోతలు అయిపోయి, చేను ఖాళీ అయినాక సర్వేయరు వచ్చినాడు. పాత పటం విప్పి, ఆ చేను మీద వేలు పెట్టి, "ఇదో, చుక్కలగీత. బండిదారే" అన్నాడు. కాగితమూ అక్కర్లేదు, కరణమూ అక్కర్లేదు, నా స్పెల్లింగూ అక్కర్లేదు. దారి ఎప్పటి నుంచో ఆఫీసు బీరువాలో పటం మీద ఉండనే ఉంది. అది చూద్దామని మాలో ఎవరికీ తోచలేదు.

బండలు పీకించినారు. పీకేటప్పుడు ఆ రైతు ట్రాక్టరు మీద కూర్చుని చూస్తూ ఉండినాడు. ఆ పంట కాలం మాత్రం దారి లేకుండానే గడిచిపోయింది. కోడలి చేయి అతుక్కుంది కానీ బిందె ఎత్తితే ఇప్పటికీ నొప్పట. లెక్కల సారు వేరే బడికి బదిలీ అయిపోయినాడు. పోయేముందు రోజు స్టాఫ్‌రూమ్‌లో, "మీకు తెలుసుననే కదా మేడమ్ మిమ్మల్ని అడిగింది" అన్నాడు. అందులో నింద ఎంతో, నిజం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

సర్వే అయిన మరుసటి రోజే పులివెందులకు పోయి సారుకు అంతా చెప్పినాను. తొట్టి సంగతి చెప్తున్నప్పుడు ఆయన ముందుకు వంగినాడు.

"కె ఎంత పెద్దగా చెక్కినాడు?"

"మిగతా అక్షరాలంతే సార్. నాలుగు వేళ్ల ఎత్తు."

"తొట్టిది ఏం రాయి? నాపబండా?"

అన్నీ అడిగినాడు. చెప్పినవి విని కాసేపు తృప్తిగా తల ఊపినాడు. తర్వాత, మామూలు గొంతుతోనే, "నన్ను ఎన్ని రోజులు అనుమానించినావు?" అన్నాడు.

అబద్ధం చెప్పాలనిపించలేదు. "దాదాపు రెండు వారాలు సార్."

"శానా రోజులే" అన్నాడు.

క్షమించమని అడిగినాను. "అట్లాంటి మాటలు వద్దులేమ్మా, అనుమానించడం నేర్పింది నేనే కదా" అన్నాడు. భోజనం చేసి పొమ్మన్నాడు, చేసినాను. పైకి ఏమీ మారలేదు. నెలకొకసారి పోతూనే ఉన్నాను. ఇప్పుడు కండ్లు బాగా కనబడుతున్నాయి, మళ్లీ పాత మాటలు వెతుకుతున్నాడు. కాకపోతే ఏదైనా కొత్తగా దొరికితే వెనకటి మాదిరి వెంటనే చెప్పడు. "చెప్తే నమ్ముతావా?" అని అడుగుతాడు ముందు. నమ్ముతానంటాను. కండ్లద్దాలు తీసి ఒక్క క్షణం నా ముఖం వైపు చూస్తాడు, ఆ తర్వాతే చెప్తాడు.